నెయిల్ గన్‌కి బంప్ ట్రిగర్ ఉంచాలా, తీసేయాలా? మీ మాట చెప్పండి

మియాపూర్ వడ్రంగి
మా షెడ్డులో మేకులు కొట్టడానికి కంప్రెసర్ గాలితో నడిచే గన్‌లు ఉన్నాయి. బీడింగులకీ వార్డ్‌రోబ్ వెనక షీట్లకీ సన్న మేకులు కొట్టే చిన్న ఎఫ్30 గన్ వాడతాం, చెక్క ఫ్రేములకి పెద్ద నెయిలర్. గొడవ పెద్దదాని గురించే. దాని ట్రిగర్‌ని రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. ఒకటి బంప్: ట్రిగర్ నొక్కి పట్టుకుని గన్ ముక్కు చెక్కకి తగిలించిన ప్రతిసారీ మేకు దిగుతుంది, టకటకా కొట్టుకుంటూ పోవచ్చు. రెండోది సీక్వెన్షియల్: ముందు ముక్కు ఆనించాలి, తర్వాత ట్రిగర్ నొక్కాలి, ఇంకో మేకు కావాలంటే రెండూ వదిలి మళ్ళీ మొదలుపెట్టాలి. అన్నిటికీ సీక్వెన్షియలే పెట్టేద్దామని నేనంటున్నా. మా పార్ట్‌నర్ ఒప్పుకోవట్లేదు, పని సగానికి పడిపోతుందంటాడు. రోజూ గన్ పట్టుకునేవాళ్ళు ఏమంటారు?

ప్యాలెట్ పని
మీ పార్ట్‌నర్ చెప్పింది కరెక్టే అన్నా. మేం సరుకు పేర్చే చెక్క ప్యాలెట్లు చేస్తాం, కూలి పీసు లెక్కన. టేబుల్ మీద పలకలు పరిచి వరసగా కొట్టుకుంటూ పోయే పనిలో ప్రతి మేకుకీ ట్రిగర్ వదిలి మళ్ళీ నొక్కమంటే సాయంత్రానికి వేలు పీకేస్తుంది, పీసులూ తగ్గుతాయి. తగ్గిన డబ్బు ఎవరిస్తారు? జాగ్రత్తగా పట్టుకునేవాడికి ఏ ట్రిగరైనా ఒకటే.

డాలస్ నుంచి
ఇక్కడ ఇళ్ళ గోడలూ పైకప్పూ అన్నీ చెక్క ఫ్రేములే కాబట్టి ఈ గన్‌ల మీద చాలా లెక్కలు తీశారు. 2001 నుంచి 2005 మధ్య అమెరికాలో ఏటా సగటున 37,000 మంది నెయిల్ గన్ దెబ్బలతో ఎమర్జెన్సీకి వెళ్ళారు. పనిచోట భద్రత చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థలు నియోష్, ఓషా కలిసి 2011లో కాంట్రాక్టర్ల కోసం ఒక గైడ్ తెచ్చాయి. బంప్ ట్రిగర్‌తో దెబ్బ తగిలే అవకాశం సీక్వెన్షియల్‌తో పోలిస్తే రెట్టింపు అని అందులో ఉంది. నాలుగేళ్ళ ట్రైనింగులో ఉన్న కుర్ర కార్పెంటర్లలో ఐదుగురికి ఇద్దరు గన్ దెబ్బ తిన్నారట. ఇక స్పీడు సంగతి: అనుభవం ఉన్న పది మంది చేత రెండేసి చిన్న షెడ్లు కట్టించి చూశారు. మేకులు కొట్టే టైము బంప్‌తో 10 శాతం తగ్గింది, కానీ కొలవడం, కోయడం అన్నీ కలిపి చూస్తే మొత్తం పనిలో ఆ తేడా 1 శాతం కూడా లేదు. సగానికి పడిపోతుందన్న మాట ఎక్కడిది మరి?

ప్యాలెట్ పని
అది షెడ్డు కట్టే పని సార్. అందులో కొలతలు, కోతలు ఎక్కువ, మేకులు కొట్టేది తక్కువ. మా దగ్గర పలకలు కోసే వస్తాయి, పొద్దున్నించీ కొట్టడమే పని. మీ 1 శాతం మాకు వర్తించదు. ఆ 10 శాతమే వేసుకోండి, అదైనా మా కూలీకి చిన్నదేమీ కాదు.

మియాపూర్ వడ్రంగి
ఆ మాట ఒప్పుకుంటా, మీ పనికి 1 శాతం లెక్క పనికిరాదు. కానీ జాగ్రత్తగా పట్టుకుంటే ఏదైనా ఒకటే అన్నారు చూడండి, దాన్ని మాత్రం ఒప్పుకోను. బంప్‌లో మేకు దిగగానే గన్ వెనక్కి తంతుంది, పైకి లేచి మళ్ళీ చెక్క మీద పడుతుంది, అప్పటికి వేలు ఇంకా ట్రిగర్ మీదే ఉంటుంది, దాంతో అనుకోకుండా రెండో మేకు వచ్చేస్తుంది. అది మొదటి మేకు తల మీద పడి పక్కకి ఎగరొచ్చు, లేదా పలక అంచు దాటి ఎడమచేతి దగ్గర దిగొచ్చు. గట్టిగా నొక్కి పట్టేవాడికే ఇది ఎక్కువ జరుగుతుంది, కొత్తవాళ్ళంతా అలాగే పడతారు. సీక్వెన్షియల్‌లో గన్ ఎగిరి పడినా రెండోది రాదు, ఎందుకంటే ట్రిగర్ వదలకుండా మళ్ళీ పేలదు. ఇందులో మనిషి జాగ్రత్త కంటే మెకానిజం తేడానే ఎక్కువ.

ఇంకోటి, నిచ్చెన మీద. ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో గన్, వేలు ట్రిగర్ మీదే. దిగుతుంటే ముక్కు మోకాలికి తగిలితే చాలు. టేబుల్ మీద కొట్టేవాడికి ఈ బాధ లేదు, నిజమే, కానీ అదే గన్ రేపు సైటుకి పోతుంది కదా.

సోఫా మేస్త్రి
ట్రిగర్ సంగతి అటుంచి, ముక్కు చెక్కకి ఆనితేనే మేకు వచ్చేలా చేసే సేఫ్టీని బైండింగ్ వైరుతో వెనక్కి కట్టేసిన గన్‌లు చూస్తుంటాను, నాకు దానితోనే ఎక్కువ కడుపు మండుతుంది. అలా కడితే గాల్లోకి కూడా పేలుతుంది, ఇక ట్రిగర్ ఏ రకమైతే ఏం లాభం?

కనెక్షన్ దగ్గర కూడా ఒక చిన్న విషయం ఉంది, షాపువాడు చెప్పడు. గన్‌కి బిగించేది మగ ప్లగ్ అయ్యుండాలి, గాలి పైపు చివర కప్లర్, అంటే ఆ ప్లగ్ దూరే ఆడ ముక్క. కప్లర్ లాగగానే గన్‌లో ఉన్న గాలి బుస్సుమని బయటికి పోతుంది, గన్ ఖాళీ. తిరగేసి బిగించారనుకోండి, పైపు ఊడదీసినా లోపల గాలి బిగుసుకునే ఉంటుంది, ఇంకో మేకు కొట్టేంత. మేకు ఇరుక్కుంటే పైపు తీశాం కదా అని ముక్కు దగ్గర వేలు పెట్టేవాళ్ళకి ఇదే ముప్పు. పైపు తీయాలి, తర్వాత మేకులుండే మ్యాగజైన్ ఖాళీ చేయాలి, అప్పుడే ఇరుకు తీయాలి.

గాలి ప్రెషర్ కంపెనీ రాసినదాని కంటే పెంచొద్దు. చాలా గన్‌లు 70 నుంచి 100 పీఎస్ఐ మధ్య చక్కగా పనిచేస్తాయి. తుక్కు చెక్క మీద ఒకటి కొట్టి చూడండి, తల పైకి ఉండిపోతే కొద్దికొద్దిగా పెంచుకోండి. మేకు దిగట్లేదని ఒక్కసారే రెగ్యులేటర్ తిప్పేస్తే పలచటి ప్లైవుడ్‌లోంచి అవతలికి వచ్చేస్తుంది, అవతల ఎవరి చెయ్యి ఉందో మనకి కనపడదు. కంప్రెసర్ లేదని వెల్డింగ్ దుకాణంలోంచి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి తగిలించే ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు, గన్ చేతిలోనే పేలిపోతుంది.

ప్యాలెట్ పని
వైరు కట్టడం తప్పే, అందులో వాదన లేదు. మా కుర్రాళ్ళకీ చెప్పాను.

డాలస్ నుంచి
పట్టుకునే చెయ్యి గురించి కూడా చెప్పాలి. పెద్ద నెయిలర్‌తో కొట్టేటప్పుడు ఆ చెయ్యి మేకుకి కనీసం అడుగు దూరంలో ఉండాలి. ముడి తగిలినా, నార అడ్డం వచ్చినా మేకు లోపలే వంగి పక్కకి బయటికొస్తుంది. ఎఫ్30లో వేసే సన్న మేకులు, బ్రాడ్‌లు అయితే ప్లై అంచులో ఇంకా సులువుగా వంగుతాయి. చిన్న ముక్కలైతే చేత్తో పట్టకండి, క్లాంపు వేయండి. కళ్ళద్దాలు, చెవులకి ప్లగ్‌లు ఎలాగూ ఉండాలి.

గుంటూరు స్టాఫ్ నర్సు
నేను వడ్రంగిని కాదు, క్యాజువాలిటీలో డ్యూటీ చేస్తాను. ఒక్క మాట చెప్పి వెళ్తాను. వేలికి మేకు దిగితే కటింగ్ ప్లయర్‌తో లాగేసి పసుపు పెట్టుకుని రెండ్రోజుల తర్వాత వస్తారు చాలామంది. గన్ మేకులు స్ట్రిప్‌గా అతికించి ఉంటాయి, ఆ జిగురు తునకలో వైరు ముక్కలో మేకుతో పాటు లోపలికి పోతాయి, లాగేటప్పుడు గీరుకుంటూ వస్తాయి. మేకు కీలు దగ్గర దిగితే ఇంకా ప్రమాదం. బయటికి తక్కువ కనిపిస్తుంది, లోపల చీము పడితే వేలు వంగదు. లాగకండి. చెయ్యి కదలకుండా గుడ్డ చుట్టి అలాగే తీసుకురండి, ఎక్స్‌రే తీసి డాక్టరే తీస్తారు, టీటీ ఇంజెక్షన్ అవసరమో కూడా వాళ్ళే చూస్తారు.

మియాపూర్ వడ్రంగి
థాంక్స్ మేడమ్, ఇది ప్రింటు తీసి షెడ్డులో అంటిస్తాం.

మా నిర్ణయం చెప్తా. సైటుకి పోయే గన్‌లకీ, కొత్త కుర్రాళ్ళ చేతికిచ్చే గన్‌లకీ సీక్వెన్షియలే. ట్రిగర్ సెట్టు విడిగా దొరుకుతుందట, మా మోడల్‌కి ఆర్డర్ పెడుతున్నా. పీసు లెక్క మార్చి రోజు కూలీ ఇద్దామని పార్ట్‌నర్‌తో మాట్లాడాను, ఎందుకంటే ఆ 10 శాతం భారం గన్ పట్టుకునేవాడి జేబులోంచి పోతే ఎవడైనా మళ్ళీ బంప్‌కే వెళ్తాడు.

ప్యాలెట్ పని
ఆ చివరి మాట మా ఓనర్‌కి ఎవరైనా చెప్తే బాగుండు. రేటు అదే ఉంచి ట్రిగర్ మాత్రం మార్చమంటే నేను మార్చను అన్నా. టేబుల్ మీద, పాతవాళ్ళ చేతిలో, బంపే. కొత్తవాళ్ళ సంగతి మాత్రం మీరన్నట్టే చేస్తాం.