ట్రాక్ పక్కన నిలబడి రైలు ఫోటో తీస్తే అంత నేరమా? స్టాఫ్‌కి మనమంటే ఎందుకంత మంట?

గూడ్స్ గోపి:

మొన్న ఆదివారం పొద్దున మా ఊరికి దగ్గర్లో ఒక కర్వ్ దగ్గర ఉన్నా. ఎండ సరిగ్గా ఇంజిన్ ముఖం మీద పడే టైమ్, డబ్ల్యూఏజీ-12 అనే గూడ్స్ ఇంజిన్ వస్తోందని ముందే తెలుసు, ఆ మలుపులో రెండు బాడీల ఇంజిన్‌తో పాటు వెనక వ్యాగన్లన్నీ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి. నేను పట్టాల మీద లేను, కంకర కూడా దాటి కింద కాలిబాట మీద ఉన్నా. ఇంతలో కీమన్ ఒకాయన, అంటే తనకి అప్పగించిన బీట్‌లో పట్టాలు రోజూ నడిచి చూసే రైల్వే మనిషి, సుత్తి భుజాన వేసుకుని వచ్చి "చావడానికి నా బీటే దొరికిందా నీకు" అని మొదలెట్టాడు. దూరంగానే ఉన్నా కదండీ అంటే ఇంకా రెచ్చిపోయి ఎవరికో ఫోన్ కొట్టాడు. అరగంటలో ఇద్దరు పోలీసులు వచ్చారు, పేరు, అడ్రస్ రాసుకున్నారు, కార్డులో ఉన్నవన్నీ డిలీట్ చేయించి "ఈసారికి పో" అన్నారు. బండి ఆ లోపే వెళ్లిపోయింది, అది వేరే బాధ.

పోనీ బుద్ధిగా స్టేషన్‌లో తీసుకుందామా అంటే, అంతకుముందు ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని వెళ్తే అక్కడా "కెమెరా లోపల పెట్టు" అన్నారు. పక్కనే ఒకమ్మాయి ఫోన్ పెట్టి డ్యాన్స్ రీల్ చేస్తోంది, ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

అసలు చట్టం ఏమంటుంది? మనల్ని చూస్తే దొంగని చూసినట్టు ఎందుకు చూస్తారు? రైల్వేని మనకంటే ఎక్కువ ప్రేమించేవాళ్లు ఎవరున్నారు చెప్పండి.

బీట్ మనిషి:

తమ్ముడూ, నేనూ కీమన్‌నే, నీకు తగిలినాయన కాదులే. ఆయన మాట తీరు బాలేదు, ఒప్పుకుంటా. కానీ నువ్వు "కాలిబాట" అన్నావు చూడు, అది ఊరి బాట కాదు. దాన్ని సెస్ అంటాం, మేము నడవడానికి వేసుకున్నది, అదీ రైల్వే జాగానే. 1989 రైల్వే చట్టంలో 147వ సెక్షన్ పట్టాల మీద నిలబడ్డవాడికి మాత్రమే కాదు, అనుమతి లేకుండా రైల్వే జాగాలో అడుగు పెట్టిన ఎవరికైనా. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ. అడ్రస్ రాసుకుని వదిలేశారంటే నీ మీద దయ తలచినట్టే.

ఇక మంట ఎందుకు అంటావా. రోజూ పొద్దున్నే బీట్ ఎక్కుతా. చేతిలో సుత్తి, స్పానర్, సంచిలో ఎర్ర జెండాలు, ప్రమాదముంటే మోతతో డ్రైవర్‌ని హెచ్చరించడానికి పట్టా మీద పెట్టే డిటోనేటర్లు. ఒక్కో స్లీపర్ చూసుకుంటూ, ఊడిన క్లిప్పు కొట్టుకుంటూ, జాయింట్ దగ్గర వంగి పట్టా పగిలిందేమో చూసుకుంటూ పోవాలి. తల కిందికి, చెవులు మాత్రం వెనక్కి. డబుల్ లైన్‌లో ఒక పక్క గూడ్స్ పోతుంటే ఆ మోతలో రెండో లైన్‌లో ఏం వస్తున్నా వినబడదు, మావాళ్లు ఎక్కువగా పోయేది అలాగే. గ్యాంగ్ పని జరుగుతుంటే బండి వస్తోందా అని చూడ్డానికే ఒక మనిషికి విజిల్ ఇచ్చి నిలబెడతారు, అతను ఇంకో పని ముట్టుకోకూడదు. ట్రెయినింగ్ అయి, రోజూ అక్కడే బతికేవాళ్లకే అంత కాపలా పెడుతుంటే, నువ్వు ఒక కన్ను మూసుకుని ఇంకో కన్ను కెమెరాకి ఆనించి నిలబడతావు, నీకు విజిల్ ఎవరు వేస్తారు?

ఇంకో సంగతి. నీకేమైనా అయితే ముందు చూసేది నేనే. పోలీసులు వచ్చేదాకా పక్కన కాపలా ఉండేది నేనే. అదెలా ఉంటుందో ఇక్కడ రాయను.

మెయిల్ ఎల్పీ:

పైన అన్న చెప్పింది కింద నుంచి, నేను ఎల్పీని, అంటే బండి నడిపే లోకో పైలట్‌ని, క్యాబ్‌లోంచి చెప్తా. 2022 సెప్టెంబర్‌లో మన దక్షిణ మధ్య రైల్వేలో కాజీపేట-బల్హార్షా, కాజీపేట-కొండపల్లి, విజయవాడ-గూడూరు లాంటి సెక్షన్లలో స్పీడ్ గంటకి 130 కిలోమీటర్లకి పెంచారు. 130 అంటే సెకనుకు 36 మీటర్లు. కర్వ్ తిరిగాక నువ్వు నాకు నాలుగు వందల మీటర్ల దూరంలో కనబడ్డావనుకో, నీ దగ్గరికి రావడానికి పదకొండు సెకన్లు. ఎమర్జెన్సీ బ్రేక్ వేసినా బండి ఆగేసరికి దాదాపు కిలోమీటరు దాటిపోతుంది.

ఆ పదకొండు సెకన్లలో నువ్వు ఫోటోకి వచ్చావో దూకడానికి వచ్చావో నాకెలా తెలుస్తుంది? నిజంగా చెప్తున్నా, ట్రాక్ పక్కన కదలకుండా నిలబడి ఇంజిన్ వంకే చూసేవాళ్లలో రెండు రకాలూ ఉంటారు. హారన్ నొక్కి పట్టుకుని, బ్రేక్ మీద చెయ్యి పెట్టుకుని, పక్కన అసిస్టెంట్ కూడా ఊపిరి బిగబట్టుకుని... దాటేశాక వెనక్కి తిరిగి చూస్తే నువ్వు బొటనవేలు ఎత్తి నవ్వుతుంటావు. హారన్ బాగా పడిందని థంబ్‌నెయిల్ పెట్టుకుంటావు. అది నీకోసం కొట్టిన హారన్ కాదు బ్రో.

జూమ్ లెన్స్ గురించి కూడా ఒక మాట, మా తమ్ముడి కెమెరాలో చూశాను కాబట్టి తెలుసు. అందులో చూస్తే బండి చాలాసేపు అక్కడే ఉన్నట్టు, కదలనట్టు ఉంటుంది, ఉన్నట్టుండి ఫ్రేమ్ నిండిపోతుంది. అప్పటికి అది నీ మీదే ఉంటుంది. రాత్రిపూట ఫ్లాష్ కొట్టేవాళ్ల గురించి రాస్తే బూతులు వస్తాయి, వదిలేస్తున్నా.

ఘాట్ సెక్షన్ పిచ్చోడు:

ఇద్దరికీ దండం. ట్రాక్ పక్కన నిలబడటం తప్పు, దాంట్లో వాదన లేదు. కానీ గోపి అడిగిన రెండో ముక్కకి ఎవరూ జవాబు చెప్పలేదు, అసలు గొడవంతా అక్కడే ఉంది.

పది రూపాయలు పెట్టి ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని, పసుపు గీత వెనక నిలబడి, ఎవరికీ అడ్డం రాకుండా తీసేవాణ్ణి కూడా తరిమేస్తే వాడు ఎక్కడికి పోతాడు? ఊరి బయట, ఎవరూ అడగని చోటికి, పట్టాల పక్కకి పోతాడు. సురక్షితమైన చోట కసిరి, ప్రమాదమైన చోట వదిలేస్తున్నారు. ఒక స్టేషన్‌లో మాస్టర్ గారే టీ ఇప్పించి ఏ బండి ఎప్పుడొస్తుందో చెప్తారు, పక్క స్టేషన్‌లో కెమెరా బ్యాగ్ చూస్తేనే గొడవ. రూల్ ఏంటో రాతలో చూపించండి అంటే ఎవరూ చూపించరు.

అంటే వాళ్ల భయం అర్థం కాదని కాదు. 2023 జనవరిలో విశాఖ కంచరపాలెం దగ్గర, ఇంకా ప్రారంభం కూడా కాని వందేభారత్ బండి మీద రాళ్లు వేశారు. 2024లో యూపీలో ప్రయాగ్‌రాజ్ వైపు లాల్‌గోపాల్‌గంజ్ దగ్గర ఒక యూట్యూబర్ వ్యూస్ కోసం పట్టాల మీద సైకిల్, రాళ్లు, సిలిండర్ పెట్టి వీడియోలు తీసి అరెస్టయ్యాడు. ఆ ఏడాది నవంబర్‌లో రైల్వే బోర్డు, బండ్ల భద్రతకి ముప్పు తెచ్చే రీల్స్ మీద ఎఫ్ఐఆర్ పెట్టమంది. 2025 మేలో తూర్పు రైల్వే అయితే స్టేషన్లలో వీడియోలు తీయొద్దని వ్లాగర్లని గట్టిగానే హెచ్చరించింది. ఇవన్నీ విన్న కీమన్‌కి పట్టాల దగ్గర కెమెరాతో ఎవడు కనబడినా ఆ సైకిల్ పెట్టినవాడే గుర్తొస్తాడు. మన పేరు చెడగొట్టింది వాళ్లు, తిట్లు మాత్రం మనకి.

గూడ్స్ గోపి:

ఘాట్ అన్నా, కరెక్ట్‌గా చెప్పావు. బీట్ అన్నా, మీరు చెప్పిన సెక్షన్ నంబర్ నాకు తెలీదు, థ్యాంక్స్. అయినా ఒక డౌటు. మా ఊళ్లో గేదెలు తోలుకుపోయేవాళ్లు, పొలం పోయేవాళ్లు, బడి పిల్లలు రోజూ అక్కడే పట్టాలు దాటుతారు. ఏ కీమన్ ఎవరికీ ఫోన్ కొట్టడు. కెమెరా ఉన్నవాడికే 147 గుర్తొస్తుందా? ఇది న్యాయం కాదు.

బీట్ మనిషి:

న్యాయం కాదు, నిజమే. రోజుకి ఎంతమందితో గొడవ పడమంటావు? గేదెలాయనకి నేను చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, ఆయన మా నాన్న వయసు, "నువ్వు పుట్టకముందు నుంచి దాటుతున్నా పోరా" అంటాడు. కానీ ఆయన అటూ ఇటూ చూసి దాటేసి పోతాడు. నువ్వు గంట నిలబడతావు. పైగా నీ ఫోటో లొకేషన్ పేరుతో సహా నెట్‌లో పడుతుంది, వచ్చే ఆదివారం అక్కడ పదిమంది కుర్రాళ్లు ఉంటారు, అందులో ఒకడు నీకన్నా బాగా తీయాలని ఇంకో రెండడుగులు ముందుకి జరుగుతాడు. ఆ ముందుకి జరిగినవాడే నా భయం.

చికాగో చంద్ర:

గుంటూరు వాణ్ణి, ఇప్పుడు ఇల్లినాయ్‌లో ఉంటున్నా. ఇక్కడా ఇదే గొడవ. పట్టాలు, వాటి పక్క జాగా అంతా రైలు కంపెనీల సొంత ఆస్తి, అడుగు పెడితే వాళ్ల పోలీసులే పట్టుకుంటారు, రోడ్డు మీద నిలబడి ఎన్ని తీసుకున్నా ఎవరూ అడగరు. కనీసం గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి. 2008లో, ఇక్కడ ప్యాసింజర్ రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ వాళ్లు మా రైళ్లకి ఫోటోలు తీసి పంపండి అని పోటీ పెట్టారు, ఆ పోటీ కోసం న్యూయార్క్ పెన్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద ఫోటో తీస్తున్నాయన్ని ఆమ్‌ట్రాక్ పోలీసులే అరెస్ట్ చేశారు. టీవీలో నవ్వులే నవ్వులు.

ఇంగ్లండ్‌లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఆవిరి ఇంజిన్ బాగుచేయించి 2016 ఫిబ్రవరిలో లండన్ నుంచి యార్క్‌కి తీసుకెళ్తుంటే జనం కెమెరాలతో పట్టాల మీదికి వచ్చేసి దాన్నే ఆపేయాల్సి వచ్చింది. చూడ్డానికి వచ్చిన బండిని వాళ్లే ఆపారు.

కానీ మంచి పని కూడా ఒకటి చూశా. మాకు దగ్గర్లో రోషెల్ అనే చిన్న ఊరుంది, అక్కడ యూనియన్ పసిఫిక్, బీఎన్ఎస్ఎఫ్ అనే రెండు రైలు కంపెనీల లైన్లు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. ఊరివాళ్లే పక్కన చిన్న పార్కు కట్టారు. పైకప్పు ఉన్న అరుగు, బెంచీలు, డ్రైవర్లూ కంట్రోలూ మాట్లాడుకునే రేడియో స్పీకర్లో వినబడుతుంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. పిల్లల్ని తీసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుంటారు. కాజీపేట దగ్గరో, విజయవాడ దగ్గరో అలాంటిది ఒకటి కడితే ఎంత ఖర్చవుతుంది? స్టేషన్లకి కొత్త ముఖాలు కట్టే డబ్బులో అదో లెక్కా?

గోదారి గట్టు లక్ష్మి:

పార్కు వచ్చేదాకా ఏం చేయాలో నేను చెప్తా గోపీ. రాజమండ్రి పుష్కర ఘాట్‌కి రా. సాయంత్రం పొద్దు నది అవతల దిగుతుంది, పాత హేవలాక్ వంతెన, 1997 నాటి ఆర్చి వంతెన రెండూ ఎదురుగా ఉంటాయి, ఆర్చి మీద బండి వచ్చినప్పుడు కింద నీళ్లలో కూడా పోతుంటుంది. ఘాట్ మెట్ల మీద కూర్చుని తీసుకుంటే నిన్ను ఎవరూ కదిలించరు, మా ఊరంతా అక్కడే ఉంటుంది. విజయవాడలో అయితే ప్రకాశం బ్యారేజీ మీద నుంచి కృష్ణ రైలు వంతెనలు కనబడతాయి. అరకు లైన్ కావాలంటే పెద్ద అద్దాలుండే విస్టాడోమ్ పెట్టెకి టికెట్ తీసుకుని ఎక్కు, సొరంగం నుంచి బయటికి వచ్చే క్షణం లోపల నుంచే బాగా వస్తుంది, తలుపు దగ్గర వేలాడక్కర్లేదు.

ఇక మలుపు, గూడ్స్ కావాలంటే దగ్గర్లో రోడ్డు ఓవర్‌బ్రిడ్జి వెతుక్కో. పైనుంచి ఇంజిన్ నెత్తి మీద తీగ నుంచి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ కూడా కనబడుతుంది, కింద నిలబడేవాళ్లకి అది ఎప్పటికీ దొరకదు. సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ మాత్రం గోడ దాటి బయటికి పెట్టకు, కింద తీగలో 25 వేల వోల్టులు, తగలక్కర్లేదు, దగ్గరికి పోతే చాలు. నాకైతే కెమెరా మెడలో వేసుకుని పిట్టగోడకి కాస్త వెనకే నిలబడితే సరిపోతోంది.

స్టేషన్‌లో అయితే దిగగానే కెమెరా తీయకుండా ముందు మాస్టర్ గారి రూముకి వెళ్లి చెప్పు. కొందరు వద్దంటారు, మరుసటి స్టేషన్‌కి పోవడమే. వాదించకు, డ్యూటీలో ఉన్నాయన పక్కన ఇంకో ఫోన్ మోగుతుంటుంది.

గూడ్స్ గోపి:

ఓవర్‌బ్రిడ్జి మా ఊరికి నాలుగు కిలోమీటర్లలోనే ఉందండీ, కానీ పొద్దున ఎండ వెనక నుంచి వస్తుందని ఎప్పుడూ వెళ్లలేదు.

మెయిల్ ఎల్పీ:

సాయంత్రం వెళ్లు. ఆ బండికి తిరుగు ప్రయాణం కూడా ఉంటుంది కదా.