హెదర్ పేరు ‘హీత్’ నుంచి వచ్చిందా, రాలేదా?

సందేహి:
స్కాట్లండ్ కొండలను ఆగస్టులో ఊదారంగుతో కప్పేసే హెదర్ పొద పేరు గురించి ఈ ప్రశ్న. సాగులేని బీడును ఇంగ్లీషులో హీత్ అంటారు. ఆ బీడులో పెరిగేది హెదర్. రోమన్ లిపిలో రాస్తే హీత్‌లోని ఐదక్షరాలూ హెదర్‌లో వరుసగా కనిపిస్తాయి. ఇంకా అనుమానం ఎందుకు?

పదాలపురుగు:
సందేహి గారూ, మిమ్మల్ని మోసం చేస్తున్నవి ఆ ఐదక్షరాలే. 14వ శతాబ్దపు రాతల్లో ఈ పేరు ‘హాదిర్’ లాంటి రూపంలో ఉంది. స్కాట్స్ భాషలో ‘హాడర్’ అనీ అన్నారు. ఇప్పటి వర్ణక్రమం కుదురుకున్నది 18వ శతాబ్దంలో. హీత్ గుర్తుకొచ్చి మాటను దానికి తగ్గట్టు దిద్దుకున్నారు. ‘త్రిలింగ’ నుంచి ‘తెలుగు’ వచ్చిందని అతికించడం మనకు తెలియనిదా!

సందేహి:
త్రిలింగ గొడవ ఇక్కడికెందుకు లెండి, అది మొదలైతే తెల్లవారుతుంది. పాత రూపంలో ‘ఆ’ ధ్వని ఉన్నంత మాత్రాన చుట్టరికం తెగిపోదు. నిచ్చెనకు ఇంగ్లీషులో ల్యాడర్ అన్న మాట ఉంది కదా, పాత ఇంగ్లీషులో దానికి దీర్ఘమే ఉండేది, తర్వాత కురచైంది. హీత్‌లోనూ పాతకాలంలో అదే దీర్ఘాచ్చు. అక్కడ జరిగింది ఇక్కడ జరగకూడదా?

పదాలపురుగు:
మంచి దెబ్బే. ధ్వని కుదరవచ్చు, ఒప్పుకుంటాను. అయితే చివరి ‘అర్’ ఎక్కడిది? బీడు పేరుకు అది చేర్చి మొక్క పేరు ఎలా చేశారో చెప్పండి. పెద్ద నిఘంటువులు తటపటాయించేది అందుకే.

ఎడిన్‌బరోవాసి:
ఇద్దరూ ఒక్క పేరు పట్టుకుని కూర్చున్నారు. ఇదే మొక్కను ‘లింగ్’ అనీ అంటారు, అది స్కాండినేవియా పాత భాష నార్స్ నుంచి వచ్చింది. స్కాట్లండ్ కొండసీమల భాష గేలిక్‌లో ‘ఫ్రూఖ్’. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో దీన్ని ఎరికా జాతిలో చేర్చాడు. 1802లో సాలిస్‌బరీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వేరుచేసి ‘కలూనా’ అన్నాడు. ఊడ్చి శుభ్రం చేయడమనే గ్రీకు క్రియ నుంచి తీసుకున్న పేరది, దీని కొమ్మలతో చీపుళ్లు కట్టేవారు కాబట్టి. మన చీపురు గడ్డిలా, మొక్కకూ కసువుకూ సంబంధం పేరులోనే ఉందన్నమాట. ఇక్కడి తోటమాలులు ఎరికాలను హీత్ అని, కలూనాను హెదర్ అని విడదీసి పిలుస్తారు.

సందేహి:
ఆ విభజన తర్వాతి కాలపు సౌకర్యం, మూలానికి సాక్ష్యం కాదు. ‘అర్’ దగ్గర మాత్రం ఇరుక్కున్నాను. అయినా పురుగు గారూ, హాదిర్‌కు అసలు మూలమేమిటో మీరూ చెప్పలేదు.

పదాలపురుగు:
చెప్పలేదు. నా వాదన హీత్ కాదన్నంత వరకే.

సందేహి:
‘కాదు’ అని కూడా మీరు నిరూపించలేదు. ‘అనుమానం’ అని రాసుకోండి, సంతకం పెడతాను.