అప్‌డేట్: మేత ముట్టని బాల్ పైథాన్ పిల్ల ఇప్పుడు తింటున్నది

మా బాల్ పైథాన్ (ఇళ్లలో పెంచుకునే ఒక చిన్న కొండచిలువ జాతి) పిల్ల ఎలుకను దగ్గర పెట్టినా తల తిప్పుకొని ముడుచుకుపోతున్నదని, అది జబ్బా లేక బెదురా అని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు అది క్రమంగా తింటున్నది. కళ్లు నీలిపొగ కమ్మినట్లు మసకబారడం కుబుసం విడవబోతున్నదనడానికి గుర్తని, ఆ దశలో చాలా పాములు ఆహారం ముట్టవని మీలో కొందరు చెప్పినదే నిజమైంది. కుబుసం ఒకే ముక్కగా ఊడివచ్చింది.

అయితే అసలు మార్పు దాగుచోటుతోనే వచ్చిందని నా అభిప్రాయం. పెట్టెలో వెచ్చని వైపు 32, చల్లని వైపు 26 డిగ్రీల సెల్సియస్ ఉండేలా థర్మోస్టాట్ అమర్చి, రెండు వైపులా ఒంటికి ఆనుకునేంత ఇరుకైన గూళ్లు పెట్టాక, అది పగలంతా నిశ్చింతగా పడుకొని, చీకటి పడ్డాక తల బయటపెట్టి నాలుక ఆడిస్తూ ఎదురుచూడసాగింది. ఈ జాతికి పెదవుల వెంట వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి కాబట్టి, ఫ్రీజర్‌లోని చచ్చిన ఎలుకను పూర్తిగా కరగనిచ్చి, వేడినీటిలో ఉంచి వెచ్చబరచి, పొడవాటి పటకారుతో అందిస్తే వెంటనే పట్టుకుంటున్నది. ఎలుక లావు పాము నడుము లావును మించకుండా చూస్తూ వారానికి ఒకటి ఇస్తున్నాను. తిన్న తరువాత కదిలిస్తే కక్కేసే ప్రమాదం ఉన్నందున 48 గంటల వరకు చేతిలోకి తీసుకోవడం లేదు. ఈ నియమం ఇంట్లో పిల్లలకు మాత్రం ఏమాత్రం నచ్చలేదు. బరువు తూచి రాసుకుంటున్నాను, పెరుగుతూనే ఉన్నది.