ఎంపీసీ పాపను డిజైన్ కోర్సుకు పంపొచ్చా?

నమస్తే. మాది నల్లగొండ దగ్గర పల్లె, ఇంట్లో ఇక్కత్ మగ్గం (నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే నేత). పాప ఇంటర్ రెండో సంవత్సరం. గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ రంగు నింపి కొంగు డిజైన్లు గీస్తుంది. మొన్న ఏఐ ఇచ్చిన బొమ్మ చూసి, ‘బాగుంది బాపూ, కానీ ఇంత సన్నని గీతకు నూలు మీద ముడి కట్టలేం’ అంది. నాకు తట్టనే లేదు!

ఫ్యాషన్, డిజైన్ చదువులు చెప్పే జాతీయ సంస్థ నిఫ్ట్‌లో చేరతానంటోంది. బావమరిదేమో కంప్యూటర్సే అంటాడు. సృజనాత్మక ఆలోచనకు గిరాకీ పెరుగుతుందని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదిక చెప్పింది, కానీ నివేదికలు జీతాలు ఇవ్వవు కదా.

డిజైన్ చదివినవాళ్లు చెప్పండి: మొదటి ఉద్యోగం ఎక్కడ దొరికింది? నిఫ్ట్ ప్రవేశ పరీక్షలోని సిచువేషన్ టెస్టులో ఇచ్చిన సామానుతో అక్కడికక్కడే మోడల్ చెయ్యాలట. కోచింగ్ లేకుండా ఇంట్లోనే నేర్చుకోవచ్చా?