ధాన్యం కొనుగోళ్ల నెలల్లో రోజుకొక చిన్న సంతోషాన్ని ఎక్కడ వెతుక్కోవాలి?

ప్రశ్న – అమలాపురం దగ్గరి పల్లె నుంచి, డిసెంబరు 18

అందరికీ నమస్కారం. నేను కోనసీమలోని ఒక ధాన్యం కొనుగోలు కేంద్రంలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. సార్వా కోతలు మొదలైన దగ్గర నుంచి సంక్రాంతి దాకా మాకు ఆదివారమనేది ఉండదు. రైతు తెచ్చిన నమూనాలో తేమ చూడటం, గోనె సంచులు సర్దటం, కాటా దగ్గర నిలబడటం, లారీ కదిలే ముందు ట్రక్ షీటు (లారీలో వెళ్లే ధాన్యం వివరాల కాగితం) తయారుచేయడం, రాత్రి కూర్చుని ఆ రోజు లెక్కలన్నీ కంప్యూటరులో సరిచూడటం, వీటన్నిటి మధ్య డబ్బు ఎప్పుడు పడుతుందని అడిగే ఫోన్లకు జవాబు చెప్పడం నా పని. ఈ పని నాకు ఇష్టమే, మానేయాలన్న ఆలోచన కూడా లేదు.

అన్నిటికంటే బరువుగా ఉండేది తేమ శాతం చెప్పడం. నిబంధన ప్రకారం అది 17 దాటకూడదు. యంత్రంతో కోసిన ధాన్యం పచ్చిగా వస్తుంది కాబట్టి రైతులు రోడ్డు పక్కనా కళ్లాల్లోనూ రోజుల తరబడి ఆరబోస్తారు, కానీ ఈ నెలలో రాత్రిపూట దిగే మంచు తెల్లవారేసరికి రాశి పైపొరను మళ్లీ తడిపేస్తుంది. సాయంత్రం 17 చూపించిన ధాన్యమే పొద్దున 18 దాటి చూపిస్తే, రాత్రంతా దాని పక్కనే పడుకున్న మనిషికి ఆ అంకె చెప్పాలి. మా ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. నేను మీటరులో గింజలు పోసేలోపే ఆయన ఒక గింజను పంటి కింద పెట్టి కొరికి, ఆ చప్పుడు విని, "ఇంకో ఎండ కావాలమ్మా" అని తనే చెప్పి వెనక్కి వెళ్లిపోతారు. ఆయన నాతో వాదిస్తే ఇంత బాధ ఉండదేమో.

గత వారం అల్పపీడనం కబురు వచ్చింది. బరకాలు కప్పించి ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. అన్నం తింటూ ఉంటే అమ్మ "కూర ఎలా ఉందే?" అని అడిగింది. నేను ఏ కూరతో తింటున్నానో తెలుసుకోవడానికి కంచంలోకి చూడవలసి వచ్చింది. ఆ రాత్రి నుంచి నాకు నా మీదే దిగులు పట్టుకుంది.

సెలవు పెట్టడం, ఎక్కడికైనా వెళ్లి రావడం, తెల్లవారుజామున లేచి కొత్త అలవాటు మొదలుపెట్టడం నాకు కుదిరేవి కావు. పది నిమిషాలకు మించనిది, ఉన్న చోటే దొరికేది, ఒక రోజును ఇంకో రోజు నుంచి వేరుచేసి గుర్తుంచుకోనిచ్చేది ఏదైనా మీ అనుభవంలో ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు – కాకినాడ నుంచి, విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కంచంలోకి చూడవలసి వచ్చిందన్న మాట దగ్గర నాకు నా ఉద్యోగపు రోజులు గుర్తుకొచ్చాయి. ఒక చలికాలం జవాబు పత్రాలు దిద్దడం, వోటర్ల జాబితాల పని, బడి పని మూడూ ఒకేసారి మీద పడి, ఏ వారంలో ఉన్నానో కూడా తెలియకుండా గడిచిపోయింది. అప్పుడు నన్ను నిలబెట్టింది చాలా చిన్న పని. రోజూ సాయంత్రం బడి నుంచి వస్తూ కాలువ వంతెన మీద సైకిలు ఆపి, పొద్దు పూర్తిగా దిగే వరకు నిలబడి, ఆ సమయాన్ని జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

ఇందులో ఏముందని మీరు అనుకోవచ్చు. మన ప్రాంతంలో ఇందులో ఒక ప్రత్యేకమైన ముచ్చట ఉంది. దేశమంతటికీ గడియారం చూపించే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మా కాకినాడకు దగ్గరగానే పోతుంది కాబట్టి, గడియారం చెప్పే కాలానికీ ఆకాశంలో కనిపించే పొద్దుకూ మధ్య ఇక్కడ మిగిలేది భూమి నడకలోని తేడా ఒక్కటే. డిసెంబరు 21, 22 తేదీల్లో పగలు అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని పిల్లలందరూ చదువుకుంటారు, అది నిజమే. కానీ పొద్దు అన్నిటికంటే ముందుగా గుంకేది ఆ రోజు కాదు. మన వైపు నవంబరు చివరి రోజుల్లోనే, సుమారు 5 గంటల 25 నిమిషాలకే సూర్యుడు దిగిపోతాడు. డిసెంబరు మూడో వారం వచ్చేసరికి అది 5.32 ప్రాంతానికి, సంక్రాంతి నాటికి 5.45 దాకా జరుగుతుంది. పొద్దుటి లెక్క వేరు. సూర్యోదయం జనవరి మూడో వారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే ఉండి, ఆరున్నర దాటాక గానీ ఆగదు. భూమి అక్షం వంగి ఉండటం, జనవరి మొదటి వారంలో భూమి సూర్యునికి అతి దగ్గరగా వచ్చి కాస్త వేగంగా నడవటం, ఈ రెండూ కలిసి ఆ రోజుల్లో సూర్యుడు ఒక మధ్యాహ్నం అన్నిటికంటే ఎత్తుకు చేరినప్పటి నుంచి మరునాడు మళ్లీ అక్కడికి చేరడానికి 24 గంటల మీద దాదాపు అర నిమిషం అదనంగా పడుతుంది. అందుకే పగలు ఇంకా కుంచించుకుపోతున్నప్పుడే సాయంత్రం మాత్రం సాగడం మొదలుపెడుతుంది.

ఈ సంగతి పుస్తకంలో నాకు ఎప్పటి నుంచో తెలుసు. కానీ నా చేత్తో రాసిన అంకెల్లో చూసిన రోజున కలిగిన ఆనందం వేరు. మీరు అలసిపోతున్న ఈ వారాల్లోనే మీ సాయంత్రాలు పెరుగుతున్నాయి. కాటా దగ్గర నుంచి పడమటి దిక్కు కనిపిస్తుందేమో చూడండి. ట్రక్ షీటు వెనక కాకుండా వేరే కాగితం మీద రాసుకోండి, అది ఆఫీసుకు అప్పగించవలసిన లెక్క కాకూడదు.

జవాబు – భీమవరం నుంచి

నేను రొయ్యల షెడ్డులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. చలికాలంలో ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటల కొద్దీ నిలబడితే మధ్యాహ్నానికి వేళ్ల చివర్లు మొద్దుబారి, జాకెట్టు గుండీ కూడా పట్టుకు దొరకదు. అందుకని నా అనుభవంలో తెలిసిన మాట ఒకటి చెబుతాను. పగలంతా శరీరంలో ఏ భాగం కష్టపడిందో, సంతోషం ముందుగా దానికే అందేలా చూసుకోవాలి. నాకైతే చేతులు. ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా ఇత్తడి గ్లాసు నిండా వేడి టీ పోసుకుని, తాగకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని అరుగు మీద కూర్చుంటాను. మా పిల్లలకు ఆ ఐదు నిమిషాలు అమ్మను పలకరించకూడదని తెలుసు.

వారానికి రెండు రాత్రులు మాత్రం దిబ్బరొట్టె వేస్తాను. పిండి పొద్దున్నే రుబ్బి పెట్టుకుంటే రాత్రికి శ్రమేమీ ఉండదు. ఒక వంతు మినపప్పుకు రెండు వంతుల బియ్యపు రవ్వ కలిపి, ఇనప మూకుడులో నూనె కాస్త ఎక్కువగానే పోసి, పిండి మందంగా వేసి మూత పెట్టి, సన్నటి సెగ మీద వదిలేయడమే. పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. మొదట చురచురమని గట్టిగా వినిపించే చప్పుడు నెమ్మదిగా సన్నబడి, అంచుల దగ్గర గుసగుసలా మారుతుంది. అప్పుడు అడుగు ఎర్రగా కాలి గట్టిపడిందని అర్థం, మూత తీసి చూడనవసరం లేదు. ఆ పెద్దాయన గింజ చప్పుడు విని తేమ చెప్పడం గురించి మీరు రాసినది చదివినప్పుడు నాకు నా మూకుడే గుర్తుకొచ్చింది. వేడి రొట్టెను చెరకు పానకంతో తింటే అది ఏ రోజో మరిచిపోవడం కుదరదు.

మీకు పగలంతా కష్టపడేవి కళ్లు, చెవులు. ఇంటికి చేరిన తరువాత ఫోను ఇంకో గదిలో పెట్టి కొంతసేపు చెవులకు మనుషుల గొంతులు వినిపించని చోట కూర్చోండి.

జవాబు – రాజోలు నుంచి

పై ఇద్దరూ చెప్పినవి మంచి మాటలే అయినా నాకు ఒక అభ్యంతరం ఉంది. నేను ఇలాంటి సీజను పని నాలుగేళ్లు చేశాను. ఒక రాత్రి ఇంటికి వస్తూ మోటారు సైకిలు మీదే కునుకు పట్టి, కాలువ గట్టు దిగి తుమ్మ పొదలో ఆగాను. ఒక గజం ఇటు పడి ఉంటే నీళ్లలోకి పోయేవాణ్ణి. పనిభారానికి చిన్న సంతోషాలను మందులా వాడవద్దు. తొమ్మిదిన్నర దాకా ఒక్కరే కూర్చోవడం మీ తప్పు కాదు, అది ఇద్దరి పని. రాత్రి లెక్కలకు వారంలో రెండు రోజులైనా ఇంకొకరిని కూర్చోబెట్టమని పైవాళ్లను అడగండి, నోటితో కాకుండా కాగితం మీద రాసి అడగండి. ఆ రెండు రాత్రులు దొరికితేనే రొట్టె రుచి తెలుస్తుంది. అడగడానికి మొహమాటపడతారని నాకు తెలుసు, నేనూ మూడేళ్లు మొహమాటపడ్డాను.

జవాబు – అంబాజీపేట నుంచి

మీరు మా పక్కవారే కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రులు కొలువుదీరతారు కదా, జనవరి మొదటి వారానికి ఊళ్లలో ప్రభల (వెదురుతో కట్టి, రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి ఉంచి మోసుకొచ్చే ఎత్తైన కట్టడాల) పని మొదలవుతుంది. 2023 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధిలో నడిచింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ నీళ్లలో దిగి దాటే ఘట్టం చూడటానికి అందరూ వస్తారు. వాటికి వెదురు చీల్చి కట్టే సాయంత్రాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఇంటికి వెళ్లే దారిలో ఆ చోట ఒక్క పది నిమిషాలు ఆగండి. పచ్చి వెదురు చీలినప్పటి వాసన, ఒకరు కొస పట్టుకోమంటే ఇంకొకరు వచ్చి పట్టుకోవడం, రంగు గుడ్డల లెక్క దగ్గర తగువు, ఇవన్నీ చూసి వెళితే రాత్రి నిద్ర బాగా పడుతుంది. తాడు పట్టుకోమని మిమ్మల్నీ పిలుస్తారు, కాదనకండి.

ప్రశ్న అడిగిన వారి నుంచి – జనవరి 6

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పని ఎక్కువై ఇన్నాళ్లూ జవాబు రాయలేకపోయాను, మన్నించండి.

మాస్టారు గారూ, డిసెంబరు 20 నుంచి రాస్తున్నాను. మా కాటాకు పడమట కొబ్బరితోట ఉంది కాబట్టి నా సమయాలు అసలు సూర్యాస్తమయానికి కాస్త ముందువే, అయినా రోజూ అదే చెట్ల వెనక చూస్తున్నాను కనుక పోల్చుకోవచ్చునని అనుకుంటున్నాను. మూడు రోజులు మబ్బు పట్టి ఖాళీలు పడ్డాయి. మొదటి రోజుకూ నిన్నటికీ ఎనిమిది నిమిషాల తేడా వచ్చింది. ఇప్పుడు హమాలీలు కూడా నాలుగున్నర దాటగానే "ఈ రోజు ఎంతకు దిగుతుంది?" అని అడుగుతున్నారు. ఒకతను నిన్న నాకంటే అర నిమిషం దగ్గరగా చెప్పాడు.

రాజోలు వారి సలహా ప్రకారం కాగితం మీద రాసి ఇచ్చాను. రెండు రాత్రులు అడిగితే ఒక రాత్రి దొరికింది. బుధవారం ఆరు గంటలకే ఇంట్లో ఉన్నాను, వెలుతురు ఉండగా మా పెరడు చూసి చాలా రోజులైంది. చిక్కుడు పాదు దడి దాటి పక్కింటి వైపు వెళ్లిపోయిన సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

గింజ కొరికే పెద్దాయన ధాన్యం శనివారం 16.6 చూపించింది. ఆయన ముందే కొరికి చూసుకుని, ఏమీ చెప్పకుండా నా అంకె కోసం నిలబడ్డారు. లారీ వెళ్లాక సంచిలో నుంచి కాల్చిన తేగల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. పైపొట్టు ఇంకా మసిగా, లోపల వెచ్చగా ఉంది. తేగను రెండుగా చీల్చి మధ్యలోని చందమామను, అంటే లోపలి లేత మొలకను, ముందు నాకే ఇచ్చారు. చిన్నప్పుడు అన్నయ్యా నేనూ దాని కోసమే కొట్టుకునేవాళ్లం. నిలబడే తిన్నాను, నారలు పళ్లలో ఇరుక్కున్నాయి, ఆ సమయంలో మూడు ఫోన్లు వచ్చినా తీయలేదు.

భీమవరం అక్కయ్య గారూ, ఒక సందేహం. ఈ బుధవారం నేనే దిబ్బరొట్టె వేద్దామనుకుంటున్నాను. రవ్వను నానబెట్టాలా, పొడిగానే పిండిలో కలపాలా? అమ్మను అడిగితే తనే చేసేస్తానంటుంది.

జవాబు – భీమవరం నుంచి

రవ్వను రెండుసార్లు కడిగి, గంటసేపు నాననిచ్చి, నీళ్లు గట్టిగా పిండేసి కలపండి. మీకు తీరిక తక్కువ కాబట్టి పొద్దున వెళ్లేటప్పుడే కలిపి పెట్టినా ఈ చలికి సాయంత్రం దాకా పెద్దగా పులవదు. మొదటిసారి సెగ మీరు అనుకున్న దానికంటే ఇంకా తగ్గించండి. అమ్మ గారిని వంటింట్లోకి రానివ్వకుండా అరుగు మీద కూర్చోబెట్టి, మొదటి ముక్క ఆమెకే ఇవ్వండి.