ప్యాకెట్ మీద స్టార్లు అడుగుదామా, నల్ల గుర్తు అడుగుదామా?

మారతహళ్లి అమ్మ
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది తెలుగువాళ్లమే. ప్యాకెట్ తిండి మీద ముందువైపే హెచ్చరిక ఉండాలని అందరం సంతకాలు చేసి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి (తిండి పదార్థాల నిబంధనలు చూసే కేంద్ర సంస్థ) లెటర్ పంపుదామనుకున్నాం, రాసే పని నా నెత్తిన పడింది. 2022లో వాళ్లు పెట్టిన డ్రాఫ్ట్‌లో అర స్టార్ నుంచి ఐదు స్టార్ల దాకా రేటింగ్ అన్నారు, దానిమీద 14 వేలకు పైగా అభిప్రాయాలు వెళ్లాయి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా త్వరగా తేల్చమంది. స్టార్లు సరే అందామా, చిలీలోలాగా చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువుంటే వేసే నల్ల గుర్తు కావాలందామా?

నిన్న మావాడి స్కూల్ బ్యాగ్‌లో మిక్చర్ ప్యాకెట్ దొరికింది. వెనక్కి తిప్పి చూస్తే అక్షరాలు చీమల బారు, సగం అతుకు కింద మడతలోకి పోయాయి. ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే అప్పుడు కనబడింది, రోజుకి కావాల్సిన దాంట్లో ఎంత శాతమో చెప్పే లెక్క 20 గ్రాముల సర్వింగ్‌కట, అంటే ఒకసారి తినే కొలతకి. ప్యాకెట్టేమో 80 గ్రాములు. వాడు నాలుగు రోజులు దాచుకుని తింటాడా?

బీటీఎం బ్రహ్మచారి
స్టార్లు వద్దే వద్దు. ఫ్రిజ్ కొనేటప్పుడు, ఏసీ కొనేటప్పుడు స్టార్లు చూస్తాం, ఎన్ని ఉంటే అంత మంచిదని మనకి అలవాటైపోయింది. చిప్స్ మీద రెండు స్టార్లు కనబడితే మా రూమ్మేట్ "పర్లేదురా, రెండున్నాయిగా" అని ఇంకోటి విప్పుతాడు. పైగా ఆ డ్రాఫ్ట్ ప్రకారం మొదటి నాలుగేళ్లు కంపెనీ ఇష్టం. తక్కువ స్టార్లు వచ్చేవాడు ఎందుకు వేసుకుంటాడు?

లేబుల్ బాధితుడు
ఒక స్నాక్స్ కంపెనీలో క్వాలిటీలో ఆరేళ్లు చేశాను, పేరు అడగొద్దు. స్టార్లలో అసలు చిక్కు ఇంకోటి ఉందండీ. చక్కెర, ఉప్పు, కొవ్వులకి పడే చెడ్డ మార్కుల్లోంచి పీచు, ప్రొటీన్, గింజలు, చిరుధాన్యాల మంచి మార్కులు తీసేస్తారు. అంటే బిస్కెట్‌లో చక్కెర అలాగే ఉంచి, కాస్త రాగిపిండి, నాలుగు బాదం పలుకులు కలిపితే స్టార్ పెరిగే వీలుంది. మా మీటింగుల్లో "చక్కెర తగ్గిద్దాం" అన్నవాడు ఒక్కడూ లేడు, "ఏం కలుపుదాం" అనే అడిగేవాళ్లు. చిలీలో 2016 నుంచి అలా కుదరదు, చక్కెర హద్దు దాటితే ఎనిమిది మూలల నల్ల గుర్తు పడాల్సిందే, బాదం ఉన్నా సరే. ఆ గుర్తు పడిన వాటి మీద పిల్లల బొమ్మలు వేయకూడదు, స్కూళ్లలో అమ్మకూడదు.

ఇంకోటి. ప్యాకెట్ మీద సోడియం అని ఉంటుంది, ఉప్పు అని ఉండదు. రెండున్నరతో గుణించండి. 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. డబ్ల్యూహెచ్‌ఓ పెద్దవాళ్లకే రోజుకి 5 గ్రాముల లోపు అంటోంది.

గుంటూరు టు జయనగర్
అంతా బాగానే ఉంది, మరి ఆవకాయ సంగతేంటి? 100 గ్రాముల లెక్కన చూస్తే సీసాకి నల్ల గుర్తు ఖాయం. ఎవరైనా 100 గ్రాముల ఆవకాయ ఒక్క పూటలో తింటారా? ఊళ్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు పచ్చళ్లు పెట్టి అమ్ముకుంటున్నారు, వాళ్ల సీసా మీదా అదే గుర్తు వేయిస్తారా?

లేబుల్ బాధితుడు
వేస్తే తప్పేంటండీ? ఆవకాయలో ఉప్పుందని మనకి తెలిసే తింటాం, గుర్తు చూసి ఎవరూ మానరు. తెలియకుండా తినేది బ్రెడ్‌లో ఉప్పు, సాస్‌లో చక్కెర. చిన్నవాళ్లకి ఇంకాస్త గడువు ఇమ్మని రాయండి, మినహాయింపు మాత్రం అడగొద్దు. ఆ సందులోంచి పెద్ద కంపెనీలే ముందు దూరతాయి.

మారతహళ్లి అమ్మ
గడువు మాట బావుంది, రాసేస్తా. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, కన్నడ రాదు, అయినా ఏ ప్యాకెట్ తెచ్చినా ముందు ఆకుపచ్చ చుక్క వెతుకుతారు. ఎవరూ ఆమెకి నేర్పలేదు. ఆ చుక్క పక్కనే, దానికంటే పెద్దగా, నల్ల గుర్తు వేయమని అడుగుదాం. గుర్తులో ఉప్పుకీ చక్కెరకీ కొవ్వుకీ వేరువేరు బొమ్మలు ఉండాలి. లెక్క 100 గ్రాములకి ఎలాగూ ఉంటుంది, మొత్తం ప్యాకెట్‌కి ఎంతో కూడా రాయాలి. సర్వింగ్ గోల వద్దు.

గుంటూరు టు జయనగర్
సరేనమ్మా, నా సంతకం కూడా వేసుకో. పచ్చళ్లవాళ్ల గడువు మాత్రం మొదటి పేజీలోనే ఉండాలి.