ఆదివారం మాంగా సభ: బోర్డులు, తెర, పిల్లల ఆట. ఎవరి పని ఏంటో ఇక్కడే తేల్చుకుందాం

సభ కన్వీనరు:
అందరికీ నమస్కారం. విషయం ఖాయం: మాంగా (జపాన్ బొమ్మల కథలు), అనిమే (జపాన్ యానిమేషన్)ల్లో ఆడామగా మధ్య అధికారం ఎవరిది, ఏ దేశం వాళ్ళని ఎలా గీస్తారు. వార్డు హాలు మధ్యాహ్నం 1 గంట నుంచి 5 దాకా మనది. సర్దడం, ఊడ్చడం అందులోనే, కాబట్టి సభ 2 నుంచి 4:15. ప్రవేశ రుసుం మాట ఎత్తొద్దు. మనమున్న జపాన్‌లో కాపీరైటు చట్టం 38వ అధికరణం ప్రకారం లాభాపేక్ష ఉండకూడదు, చూసేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోకూడదు, ప్రదర్శించేవాళ్ళకి పారితోషికం ఇవ్వకూడదు. ఈ మూడూ కుదిరితేనే అనుమతి లేకుండా తెర మీద వేయొచ్చు. రుసుం ఏ పేరుతో తీసుకున్నా రుసుమే అని అందులోనే ఉంది. కాబట్టి గుమ్మం దగ్గర ‘టీ, పకోడీ ఖర్చు’ డబ్బా కూడా పెట్టొద్దు.

తెర, హాలు:
అన్నా, స్ట్రీమింగ్ ఖాతాతో వేయడం కుదరదు. ఆ ఒప్పందం ఇంట్లో చూసుకోవడానికే. కొన్న డిస్కులే వాడదాం. క్లిప్పులు నాలుగు, ఒక్కోటి రెండు నిమిషాల లోపు. హాలు గోడలకి టేపు అంటించనివ్వరు. వాళ్ళ దగ్గర పార్టిషన్లు ఆరున్నాయి, రెండు వైపులా ఒక్కో ఏ3 చొప్పున 12 బోర్డులు పడతాయి. అంతకు మించి గీయకండి.

బోర్డుల బాధ్యురాలు:
12 చాలు. అసలు ‘చూడండి, మనల్ని ఎంత అవమానించారో’ అనే ప్రదర్శనే వద్దు. అలా పెడితే పది నిమిషాల్లో అందరూ తలూపి సమోసాల దగ్గరికి పోతారు. ప్రతి పార్టిషన్ మీదా ఒక జంట పెడదాం. కింద ఒకటే ప్రశ్న: ఈ బొమ్మలో నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

మొదటి జంట: మాంగా రచయిత తెజుకా ఒసాము 1953లో మొదలుపెట్టిన ‘రిబోన్ నో కిషి’లో సఫైర్, ఇకెదా రియోకో 1972లో మొదలుపెట్టిన ‘వెర్సాయ్ నో బారా’లో ఆస్కార్. సఫైర్ రాజ్యంలో ఆడపిల్లకి సింహాసనం రాదు, అందుకే రాకుమారుడి వేషం. ఆస్కార్‌ని తండ్రి కొడుకులా పెంచి సైన్యంలో పెడతాడు. ఇద్దరికీ అధికారం మగవేషం గుండానే వస్తుంది. ఇంకో సంగతి జనం గమనించరు: రెండు కథలూ జరిగేది యూరప్‌లోనో, యూరప్‌లాంటి ఊహాలోకంలోనో. కత్తి పట్టే ఆడదాన్ని ఊహించడానికి కోటలు, గులాబీలు ఉన్న దేశం కావాల్సొచ్చింది. తిట్టే మూసే కాదు, మెచ్చుకునే మూస కూడా మూసే.

రెండో జంట మనది. మల్లయుద్ధాల మాంగా ‘కిన్నికుమాన్’లో భారత్ తరఫు మల్లయోధుడు కరీ కుక్, నెత్తి మీద కూర అన్నం పెట్టుకుని తిరుగుతాడు. పక్కన 1994 నాటి ‘జీ గండం’లో (దేశానికో పోరాట రోబో ఉండే అనిమే) నియో ఇండియా యంత్రం, పేరు కోబ్రా గండం. దాని కిందే నియో మెక్సికో టెకీలా గండం పెట్టండి. టెకీలా అంటే మద్యం, అందుకని అమెరికా డబ్బింగులో దాని పేరు స్పైక్ అయింది: పేరు మార్చారు, బొమ్మ అలాగే ఉంది. మార్పు దేన్ని సరిచేసిందో, దేన్ని వదిలేసిందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పిల్లల విభాగం:
కరీ కుక్‌ని చూస్తే హాలంతా నవ్వుతుంది వదినా. నవ్వనిద్దాం. వెంటనే ‘గింతామా’ అనిమేలో కగురా క్లిప్పు వేయాలి. ఆమె వేరే గ్రహం పిల్ల, అయినా చైనా గౌనేసుకుని మాట చివర ‘అరు’ అంటుంది. చైనా వాళ్ళు జపనీస్ ఇలాగే మాట్లాడతారని కథల్లో పాతుకుపోయిన యాస అది. భాషావేత్త కిన్‌సుయి సతోషి ఇలాంటి వాటికే ‘యకువరిగో’ (పాత్రకి తగిన భాష) అని పేరు పెట్టారు. మన సినిమాల్లో వడ్డీ సేటు తెలుగుని గుర్తు చేస్తే పెద్దవాళ్ళకి కూడా ఠక్కున ఎక్కుతుంది.

ఆట ఇదీ: ఒక ప్యానెల్‌లో (పేజీలో ఒక్కో బొమ్మ గడి) మాటల బుడగ మీద తెల్లకాగితం అంటించి, పిల్లల చేత తెలుగులో రాయించాలి. ఒక్కో బల్లకి ఆరుగురు, ఎనిమిది నిమిషాలు. కాగితాలు రెండు రకాలు: ఒకటి మామూలు తెలుగులో, ఇంకోటి యాసతో. యాస ఉన్నదాన్ని చదివాక ‘ఈమె తెలివైనదా?’ అని అడగండి.

‘ఓఒకు’ మాంగా బోర్డు పిల్లల వరుసలో పెట్టొద్దు. రోగంతో మగవాళ్ళు నాలుగో వంతుకి పడిపోయి ఆడవాళ్ళు షోగన్లు (జపాన్‌ని ఏలిన సేనానులు) అయ్యే కథ, అధికారం తారుమారైతే ఏమవుతుందో దానికంటే బాగా చెప్పేది లేదు. కానీ లైంగిక హింస ఉంది. వెనక పార్టిషన్, 16 దాటినవాళ్ళకి.

సభ కన్వీనరు:
‘హెటాలియా’ సంగతి? దేశాలే మనుషులు కదా అందులో.

బోర్డుల బాధ్యురాలు:
పెడదాం, కానీ బొమ్మలు తక్కువ, మాటలు ఎక్కువ. 2009లో కొరియా పాత్ర మీద దక్షిణ కొరియాలో నిరసన లేచాక టీవీ ప్రసారం ఆగి, ఆన్‌లైన్‌లో వచ్చింది. అదొక్కటి చాలు. హాల్లో కొరియా, చైనా అతిథులుంటే ఎవరి పాత్రనీ చూపించి ‘మీరిలా ఉంటారా’ అనకూడదు.

ఆడామగా దిద్దుబాటు కూడా ఒకటుండాలి: ‘సెయిలర్ మూన్’లో ప్రేమికులైన హరుకా, మిచిరుల్ని అమెరికా డబ్బింగులో కజిన్లని చేశారు. కాబట్టి తుడిచేయడం ఒక్క జపాన్ పనే కాదు.

తెర, హాలు:
మగపాత్రలు కూడా ఆడవాళ్ళే వేసే తకరజుకా నాటక సంస్థ బోర్డు పెద్దది చేయండక్కా, వాళ్ళు వేసిన ఆర్ఆర్ఆర్ పేరుంటే మనవాళ్ళు ఎగబడతారు.

బోర్డుల బాధ్యురాలు:
పేరు కోసం కాదు, చోటు కోసం పెడదాం. సఫైర్ పక్కన. తెజుకా పెరిగింది తకరజుకా ఊళ్ళో, ఆ ఆడవాళ్ళ నాటకాలు చూస్తూ. 1974లో ఆస్కార్ అదే వేదికెక్కింది. 2024 జనవరిలో భీమ్ కూడా ఎక్కాడు, వేసింది ఆడమనిషే. మగపాత్ర వేసే ఆమెకి అక్కడ ఉండే గౌరవం, పాత్ర దిగాక ఎంత మిగులుతుంది? ఆ ప్రశ్న రాయండి. నాటకం ఫొటోలు మాత్రం పెట్టొద్దు, హక్కులు మనవి కావు. అక్షరాలతోనే.

తెర, హాలు:
సరే. ప్రింట్ల సంగతి రాసుకోండి. బొమ్మని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. నలుపు తెలుపు మాంగాలో నీడకి వేసే చుక్కల్ని తక్కువలో తీసి కుదిస్తే అలల్లా గీతలొస్తాయి, ప్రొజెక్టర్‌లో ఇంకా ఎక్కువ. ప్యానెళ్ళ మీద చిన్న అంకెలు వేయాలి: పేజీ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది, మన కళ్ళు ఎడమ నుంచి వెళ్తే ముందు దెబ్బ, తర్వాత కోపం కనపడి అర్థం తిరగబడుతుంది. ప్రతి బొమ్మ కింద రచయిత, రచన, సంపుటి సంఖ్య. అదే కాపీరైటు చట్టం 32వ అధికరణం కింద ఉల్లేఖనగా నిలవాలంటే మన వ్యాఖ్య ప్రధానంగా, బొమ్మ దానికి తోడుగా ఉండాలి. ముఖచిత్రం పెద్దగా వేసి రెండు ముక్కలు రాస్తే కుదరదు.

కన్వీనియన్స్ స్టోర్‌లో ఏ3 రంగుల ప్రింటుకి ఖర్చెక్కువ. నలుపు తెలుపు చాలిన చోట రంగు వద్దు. ఫైలు పీడీఎఫ్‌గానే పంపండి, లేకపోతే ఆ మెషిన్‌లో వత్తులు విడిపోయి పక్కకి పడతాయి. శుక్రవారం రాత్రిలోగా నాకు 12 ఫైళ్ళూ చేరాలి. శనివారం ఒక్కటి తీసి చూశాకే మిగతావి.